కుందేలు గూటికి ఏ పాలిష్ వేయాలి?

మా చెల్లె దగ్గర ఒక తెల్ల కుందేలు ఉంది. పేరు పత్తి. మాది ధర్మసాగర్, చుట్టూ పత్తి చేన్లే కాబట్టి పేరు కోసం పెద్దగా వెతుక్కోవాల్సిన పని పడలేదు. పోయిన ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు దానికి ఒక చెక్క గూడు చేయిద్దామనుకున్నాం. అట్టపెట్టెలో ఎన్ని రోజులని పెడతాం, రెండు రోజులకొకటి కొరికి పారేస్తుంది. తలుపులు చేయగా మిగిలిన టేకు ముక్కలు ఇంట్లో ఉన్నాయి. వడ్లాయన ఒక్క పూటలో గూడు, ఎక్కడానికి చిన్న ర్యాంపు, గడ్డి పెట్టే తొట్టి చేసిచ్చాడు. "పాలిష్ గూడ వెయ్యమంటవా?" అని అడిగితే "మంచిగ మెరవాలె" అన్నది నేనే. ఎవరింటి తలుపులకో వాడగా మిగిలిన డబ్బా ఉంటే దాంతో రెండు కోట్లు కొట్టాడు. నిజంగానే అద్దంలా మెరిసింది.

మూడో రోజు పత్తిని అందులో పెట్టాం. ఆ రాత్రే ర్యాంపు అంచు కొరకడం మొదలుపెట్టింది. తెల్లారేసరికి కింద చెక్కపొట్టు, దాంతోపాటు తేనెరంగు పెచ్చులు. మధ్యాహ్నానికి తినడం మానేసింది. కొత్తిమీర ముక్కు దగ్గర పెట్టినా ముఖం తిప్పుకుంది. మూలకు ముడుచుకుని కూర్చుంది, పెంటికలు కూడా వేయలేదు.

హన్మకొండలో పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మొదటి ప్రశ్న, "ఏం కొరికింది?" చెక్క అన్నాను. "చెక్క మీద ఏముంది?" పాలిష్ అన్నాను. "ఏ పాలిష్?" నా దగ్గర జవాబు లేదు. అక్కడి నుంచే వడ్లాయనకు ఫోన్ చేశాను. "పాలిషే పిలగా, తలుపులకేసేది" అన్నాడు. డబ్బా మీద కాగితం ఎప్పుడో ఊడిపోయిందట.

చర్మం కింద సెలైన్ ఎక్కించారు, పేగులు కదలడానికి మందిచ్చారు, సిరంజితో ముద్ద తినిపించమన్నారు. రెండు రాత్రులు మా చెల్లె సరిగా నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున గూట్లో నాలుగు పెంటికలు కనిపిస్తే ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం. పెంటికలు చూసి అంత సంతోషపడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

పాలిష్ వల్లే అలా అయిందా అంటే రుజువు లేదు. కొత్త చోటు భయం కావచ్చు, ఎండ కావచ్చు. డాక్టర్ కూడా ఇదీ అని తేల్చి చెప్పలేదు. కానీ "ఏ పాలిష్?" అన్న ప్రశ్నకు నోరు తెరవలేకపోయిన సంగతి మాత్రం నన్ను వదల్లేదు. ఆ సెలవుల్లో మిగిలిన రోజులు దాని మీదే పోయాయి. కుందేలు గానీ, గినీ పిగ్ గానీ, హాస్టల్ గదిలో వార్డెన్‌కు తెలియకుండా హామ్‌స్టర్ గానీ పెంచుతున్న వాళ్లు మన కాలేజీలో కూడా ఉన్నారని నాకు తెలుసు (పేర్లు చెప్పను). ఇది వాళ్ల కోసం.

ముందు వాటి నోటి సంగతి. కుందేలు పళ్లు బతికినన్నాళ్లు పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు. ఆ పళ్లను అరగదీసేది ముఖ్యంగా గడ్డి, చెక్క కాదు. అయినా చెక్క దొరికితే కొరుకుతుంది, అది దాని స్వభావం. ఇంకో విషయం నేను డాక్టర్ దగ్గరే మొదటిసారి విన్నాను: కుందేలు వాంతి చేసుకోలేదు. ఎలుకా అంతే. మనకు పడనిది తింటే కక్కేస్తాం, దానికి ఆ అండూ బటన్ లేదు. లోపలికి పోయింది పేగులన్నీ దాటి అటువైపే రావాలి. మధ్యలో పేగుల కదలిక ఆగితే, సగం రోజు తినకపోయినా అది ఎమర్జెన్సీయే.

బరువు కూడా లెక్కలోకి తీసుకోండి. పత్తి 1.8 కిలోలు, నేను 65. నేను తింటే లెక్కలోకి రాని ఒక గ్రాము, దానికి నేను 36 గ్రాములు తిన్నట్టు. హామ్‌స్టర్ అయితే 100, 150 గ్రాముల ప్రాణి, ఈ లెక్క మీరే చేసుకోండి. "పిల్లలకు సేఫ్" అని రాసున్నది వాటికీ సేఫే అనుకోవడం ఇక్కడే కొంచెం తప్పుతుంది. పిల్లలు బొమ్మను చప్పరిస్తారు. కుందేలు బొమ్మను రోజూ కొంచెం కొంచెం తినేస్తుంది.

అలాంటప్పుడు అసలు పాలిష్ ఎందుకు, వట్టి చెక్క పెడితే పోలా? నేనూ అదే అనుకున్నాను. చెక్క అంటే సన్నటి గొట్టాల కట్ట. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకెక్కిన దారులే అవి. కోసినా ఆ దారులు అలాగే ఉంటాయి. అందులోకి ఉచ్చ దిగితే కడిగినా పోదు, వాసన పడుతుంది, అమ్మోనియా కమ్ముతుంది, చెక్క ఉబ్బి పగులుతుంది. మూసి ఉన్న గూట్లో అమ్మోనియా కుందేలు ఊపిరితిత్తులకు మంచిది కాదు. వానాకాలం మా దగ్గర సంగతి చెప్పాల్సిన పనే లేదు. ఒకపక్క రిజర్వాయర్, దేవాదుల నీళ్లు వచ్చి చేరేది ఇక్కడికే, గాలిలోనే తడి. పైగా చెదలు.

చెదల మాట రాగానే మా తాత దగ్గర రెడీమేడ్ జవాబు ఉంది. "కాలిన ఇంజిన్ ఆయిల్ పుయ్యిర్రి, పదేండ్లుంటది." మేకల కొట్టం గుంజలకు ఊళ్లో చాలామంది పూసేది అదే. గుంజకేమో గానీ, కొరికే ప్రాణి దగ్గర దాని డబ్బా కూడా తేవద్దు. ఇంజిన్‌లో మాడిన నూనెలో క్యాన్సర్ కలిగించే పదార్థాలు, అరిగిన లోహాల పొడి ఉంటాయి. అది ఎండదు కూడా, ఎప్పటికీ కాళ్లకు అంటుకుంటూనే ఉంటుంది, కాళ్లను కుందేలు నాలుకతో శుభ్రం చేసుకుంటూనే ఉంటుంది. చెద మందు కలిపిన ప్లైవుడ్ కూడా ఇదే లెక్క. షాపులో "చెద పట్టదు, గ్యారంటీ" అన్నారంటే ఎందుకు పట్టదో ఒకసారి ఆలోచించాలి.

ఇప్పుడు పాలిష్‌ల దగ్గరికి వద్దాం. పెయింట్ షాపుకెళ్లి "జంతువులకు సేఫ్ ఉండే పాలిష్ ఇవ్వండి" అంటే షాపాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి "అన్నీ సేఫే తమ్మీ, ఎండితే ఏం గాదు" అన్నాడు. ఇది సగం నిజం. ఈ సగం నిజాన్ని అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు.

పాలిష్ ఎండడం వేరు, పక్వం కావడం వేరు. చేతికి అంటుకోకపోతే ఎండిందంటాం. అప్పటికి పైన ఉన్న ద్రావకం మాత్రమే ఎగిరిపోయింది. లోపల అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి వలలా మారడానికి చాలా రకాలకు రెండు వారాలు, నాలుగు వారాలు పడుతుంది. మన భాషలో చెప్పాలంటే డౌన్‌లోడ్ అయింది, ఇన్‌స్టాల్ ఇంకా కాలేదు. నేను పత్తిని మూడో రోజే గూట్లో పెట్టాను. షాపాయన అన్న "ఎండితే" అనే ఇఫ్ కండిషన్ నేను చెక్ చేయనే లేదు.

తలుపులకు మన దగ్గర ఎక్కువగా వేసేవి మెలమైన్, పీయూ, ఎన్‌సీ లాకర్. మెలమైన్‌కు గట్టిపరిచే ద్రావణం కలిపి వేస్తారు, అది గట్టిపడే క్రమంలో ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. కళ్లు మండేది అందుకే. రెండు డబ్బాలు కలిపే పీయూలో గట్టిపరిచేది ఐసోసైనేట్, వేసే మనిషి మాస్కు లేకుండా పీలిస్తే ఆస్తమా వచ్చే ప్రమాదం ఉన్న రసాయనం. ఎన్‌సీ లాకర్‌లో థిన్నర్ వాసన మీకు తెలిసిందే. పూర్తిగా పక్వమయ్యాక ఇవి దాదాపు ప్లాస్టిక్ పొరలు. విషం సంగతి అటుంచితే, కొరికితే పెచ్చులుగా ఊడే ప్లాస్టిక్‌ను పేగు అరిగించుకోలేదు కదా. వాంతి లేని ప్రాణికి అది చాలు.

నీళ్లలో కరిగే రకం పీయూ వీటికన్నా మెరుగు. వాసన తక్కువ, నెల రోజులు గాలికి ఆరనిస్తే కుందేలు కూర్చునే చదును పలకలకు పనికొస్తుంది. కొనేటప్పుడు డబ్బా మీద ఈఎన్ 71-3 అనే నంబర్ ఉందేమో చూడండి. అది యూరప్ బొమ్మల ప్రమాణం. పొర నుంచి గీకిన పొడిని కడుపులోని ఆమ్లంలాంటి ద్రావణంలో, శరీరపు వేడి దగ్గర రెండు గంటలు ఉంచి, సీసం లాంటివి ఎంత బయటికొస్తాయో కొలుస్తారు. "ఎకో ఫ్రెండ్లీ" అని ఆకుపచ్చ ఆకు బొమ్మ వేస్తే దానికి కొలత లేదు, ఈ నంబర్‌కు ఉంది. మన దేశంలోనూ ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో రూల్ తెచ్చారు, 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. అంటే పాత ఇల్లు కూలగొట్టినప్పుడు వచ్చే రంగు తలుపుల చెక్క ఎంత మంచి టేకైనా గూటికి వద్దు. దాని రంగు ఏ కాలం నాటిదో ఎవరికీ తెలియదు.

నూనెలు చాలామందికి తట్టే ఆలోచన. మా అమ్మ కొబ్బరినూనె రాయమంది. తినే నూనె కాబట్టి భయం లేదు, కానీ కొబ్బరినూనె ఎప్పటికీ గట్టిపడదు. చెక్క మీద జిడ్డుగా ఉండి కొన్నాళ్లకు కంపు కొడుతుంది, చీమలకు ఆహ్వానపత్రిక. పల్లీ నూనె కూడా అంతే. గాలి తగిలితే గట్టిపడే నూనె అవిసె నూనె. కానీ షాపులో దొరికే "బాయిల్డ్" అవిసె నూనెలో త్వరగా ఎండడానికి కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహ లవణాలు కలుపుతారు. అవి లేని పచ్చి నూనె కావాలంటే వారాల తరబడి ఓపిక పట్టాలి. ఇంకో జాగ్రత్త, అవిసె నూనె తుడిచిన గుడ్డను ముద్ద చేసి మూలకు పారేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. విప్పి ఆరేయండి లేదా నీళ్లలో ముంచండి. మా వరంగల్ ఎండల్లో ఇది జోక్ కాదు.

తేనెమైనం మంచిది, నీళ్లు పైన జారిపోతాయి, కొరికినా ఏం కాదు. దాని బలహీనత, పొర మరీ మెత్తన. గోళ్లకు గీసుకుపోతుంది, రెండు నెలలకోసారి మళ్లీ రుద్దాలి.

ఇన్ని చదివాక నాకు దొరికిన అసలు జవాబు మన దగ్గరిదే. లక్క. మోదుగ చెట్ల మీద, రేగు చెట్ల మీద బతికే చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గట్టి పూత అది. దాన్ని కరిగించి, వడకట్టి, సన్నటి రేకులుగా చేస్తే షెల్లాక్. మోదుగ చెట్లు మా ఊరి గట్ల మీద ఎన్ని చూశానో, లక్క గురించి మాత్రం లాడ్ బజార్ గాజులు, భారతంలో లక్క ఇల్లు, అంతవరకే తెలుసు. మనం వేసుకునే చాలా మాత్రల మీద, చాక్లెట్ల మీద ఆ మెరుపు లక్కదే. తిండి పదార్థాల్లో దాని నంబర్ ఈ904, ప్యాకెట్ వెనక చూడండి.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు ఈ లక్కతోనే బతుకుతున్నాయి. అంకుడు కర్రను చిత్రిక యంత్రం మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు అంటుకుంటుంది, థిన్నర్ లేదు, స్పిరిట్ లేదు. రంగులు కూడా గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసినవి వాడడం అక్కడ ప్రత్యేకత. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ సహజ రంగుల కోసం పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే గిలక్కాయకు ఏం పూయాలన్న ప్రశ్నకు వాళ్లెప్పుడో జవాబు కనుక్కున్నారు. మనకు దగ్గరి చేర్యాల మాస్కులూ అంతే. కొబ్బరిచిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మెత్తుతారు. చింతగింజల జిగురు చదివినప్పుడు గూడు అతికించడానికి కూడా దారి దొరికినట్టయింది.

లక్క వేయడం కష్టమేం కాదు. 100 మిల్లీలీటర్ల పాలిష్ స్పిరిట్‌లో పాతిక గ్రాముల దాకా రేకులు వేసి రాత్రంతా నాననివ్వాలి. పొద్దున పాత కాటన్ బట్టతో వడకట్టి, అదే బట్ట ఉండ చుట్టి పలుచగా రుద్దాలి. గంటకో కోటు చొప్పున మూడు నాలుగు. స్పిరిట్ తాగితే ప్రాణం మీదికొచ్చేదే, అందుకే పూర్తిగా ఎగిరిపోవడానికి కనీసం వారం బయట పెట్టండి. కలిపిన లక్కను ఏళ్ల తరబడి దాచొద్దు, పాతబడితే సరిగా ఎండదు. ముసురు పట్టిన రోజు వేస్తే తెల్లటి మబ్బులా మిగిలిపోతుంది, ఎండ రోజు చూసుకోండి.

ఇదంతా వడ్లాయనకు గొప్పగా చెప్పబోయాను. ఆయన నవ్వాడు. "గది స్పిరిట్ పాలిషే గద పిలగా. మా నాయన జిందగీ అంత గదే కొట్టిండు. ఇప్పుడెవలు అడుగుతుండ్రు? అందరికీ మెరుపు గావాలె." నేను ఆయన్ని మెరవాలె అని అడిగిన మాట ఆయనకు గుర్తున్నట్టు లేదు. నాకుంది.

పాత పూతనంతా శాండ్ పేపర్‌తో గీకేసి, మాస్కు కట్టుకునే, మొత్తం గూటికి లక్క వేశాను. కథ అయిపోయిందనుకున్నాను. నాలుగు రోజులకు చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, మూలకు తెల్లగ అయితుంది. జిగట జిగటగ ఉంది."

పత్తి ఉచ్చ పోసే మూల అది. మళ్లీ చదివితే తెలిసింది. కుందేలు ఉచ్చ క్షారం, పీహెచ్ 8 నుంచి 9 దాకా ఉంటుంది. లక్కకు నీళ్లంటే అంత భయం లేదు, క్షారమంటే ఉంది. అమ్మోనియాలో, చాకలి సోడా నీళ్లలో అది కరుగుతుంది. నమ్మకం కోసం వారం చివర ఇంటికెళ్లినప్పుడు లక్క వేసిన ముక్క మీద చాకలి సోడా నీళ్లు పోసి పెట్టాను. తెల్లారేసరికి పూత మెత్తబడి వేలికి ఎర్రగా అంటింది. నోటికి అన్నిటికన్నా సేఫ్ అనుకున్న పూతే ఉచ్చకు అన్నిటికన్నా వీక్. ఉచ్చను తట్టుకునే పీయూలు నోటికి పనికిరావు. నేను ఒకే గూటికి ఒకే పాలిష్ వెతుకుతున్నాను, గూట్లోనేమో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి.

ఆ తర్వాత గూటిని ముక్కలుగా ఆలోచించాం. కొరికే అంచులు, ర్యాంపు: ఏ పూతా లేదు, వట్టి చెక్క. పాడైతే కొత్త పట్టీ కొట్టుకోవచ్చని మేకులకు బదులు స్క్రూలు పెట్టించాం. పక్క పలకలు, పైకప్పు: లక్క, మీద కొంచెం తేనెమైనం. ఉచ్చ పోసే మూల: అసలు చెక్కే లేదు. బాత్రూం కట్టగా మిగిలిన టైల్ ముక్క, దాని మీద కిచెన్ నుంచి మా అమ్మకు చెప్పకుండా తెచ్చిన స్టీలు ట్రే, ట్రేలో గడ్డి. తెల్లటి మరకలు పడితే వెనిగర్‌తో పోతాయి, అవి కాల్షియం. కుందేలు సాధారణంగా ఒకే మూలను బాత్రూంగా పెట్టుకుంటుంది. ఈ విషయంలో మా హాస్టల్ ఫ్లోర్ కన్నా నయం.

హామ్‌స్టర్ వాళ్లకు ఇంకా సులువు. వంతెన, చిన్న ఇల్లు లాంటివాటికి ఏమీ పూయకండి, ఉచ్చ వాసన పట్టాక పారేసి కొత్తది పెట్టండి. కొరకడానికి జామ కొమ్మలు, వెదురు ముక్కలు చాలు, మందు కొట్టని చెట్టువైతే.

బయట కొన్న చెక్క సామాను మీద ఏం పూశారో తెలియకపోతే నేను చేసే పరీక్ష ఒకటుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, రాత్రంతా ఉంచి, పొద్దున మూత తీయగానే వాసన చూడండి. చెక్క వాసన కాకుండా ఇంకేదైనా వచ్చిందా, గూట్లోకి పంపకండి. వాసన రానంత మాత్రాన సేఫ్ అని కాదు, వస్తే మాత్రం ఇంకా ఆరలేదనే. మన ముక్కుకే అందిందంటే కుందేలు ముక్కుకు ఎంత అందుతుందో.

ఇప్పుడు ఇంట్లో ఒక పాత పెరుగు డబ్బాలో పాతిక గ్రాముల లక్క రేకులు ఉన్నాయి. డబ్బా మీద మా చెల్లె స్కెచ్ పెన్‌తో రాసి పెట్టింది: "లక్క. పత్తి గూటికి. తేదీ వేసినం." పక్కన డాక్టర్ ఫోన్ నంబర్. ర్యాంపుకు మూడో పట్టీ నడుస్తోంది.